చిలుక ముద్ర మాడ

అనగనగా ఒక రేవు. ఆ రేవు పేరు తుమ్మలరేవు. నీలవాహిని నది అక్కడ అరకోసు వెడల్పున పారేది. ఆవలి ఒడ్డుకు చేరాలంటే ఒక్కటే పడవ. ఆ పడవ నడిపేది దాలయ్య, అతని భార్య నూకాలు. అతను తెడ్డు వేస్తే ఆమె చుక్కాని పట్టేది.

ఆ రేవు వాళ్ళకు తాతల నాటి నుంచీ వస్తున్నది. ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, దాలయ్య తల్లి సన్యాసమ్మ దేవుడి గూట్లోంచి ఒక మాడ తీసి చూపేది. మాడ అంటే ఆ కాలపు బంగారు నాణెం. బొటనవేలి గోరంత ఉండేది. ఒక వైపు చిలుక బొమ్మ, రెండో వైపు అరిగిపోయిన అక్షరాలు.

పూర్వం ప్రతాపార్క మహారాజు వరదలో చిక్కుకుంటే, దాలయ్య ముత్తాత గంగన్న ఆయనను ఒడ్డుకు చేర్చాడట. రాజు సంతోషించి ఈ మాడ చేతిలో పెట్టి, రేవు నీదే అన్నాడట. సన్యాసమ్మ ఈ కథ చెబుతుంటే పడవలో కూర్చున్నవాళ్ళు దిగడం మరచిపోయేవాళ్ళు.

ఇలా ఉండగా విజయార్క మహారాజు రాజ్యమంతా చాటింపు వేయించాడు. పాత రాజులు ఇచ్చారంటూ పొలాలూ రేవులూ అనుభవిస్తున్నవాళ్ళు కార్తీక పున్నమికి సభకు వచ్చి ఆనవాలు చూపాలి. ఆనవాలు నిజమైతే హక్కు నిలుస్తుంది. అబద్ధమైతే ఆ రోజుతోనే పోతుంది.

ఆ చాటింపు విని ఎగువ ఊరి వర్తకుడు కామిశెట్టికి ప్రాణం లేచివచ్చింది. తుమ్మలరేవు మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. ఆ రేవు తన పూర్వికులదేనని, ప్రతాపార్క మహారాజు ఇచ్చిన మాడ తన ఇంట్లోనే ఉందని నలుగురిలో చెప్పుకోసాగాడు. పడవ వాళ్ళ దగ్గర ఉన్నది ఉత్త ఇత్తడి బిళ్ళ అని కూడా అన్నాడు.

ఆ మాట నూకాలు చెవిన పడింది. ఆమె మాడను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. అది బంగారమో కాదో తమకు తెలియదు. ఆ అక్షరాలు చదివినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. చిన్నప్పటి నుంచీ విన్నారు, నమ్మారు, అంతే.

పట్నంలో షరాబులుంటారు, నాణేల మంచిచెడ్డలు తేల్చడమే వాళ్ళ పని, వాళ్ళను అడిగివస్తానని నూకాలు చెప్పింది. సన్యాసమ్మ ఒప్పుకోలేదు.

"దేవుడి గూట్లో ఉన్నదాన్ని అంగట్లో పెడతావా? వాళ్ళు కాదంటే ఏం చేస్తావు?"

"సభలో పదిమంది ముందు కాదనిపించుకునే కన్నా, ముందుగా మనమే తెలుసుకోవడం మంచిది కదా అత్తా" అంది నూకాలు.

దాలయ్య తల్లి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. చివరికి మాడను గుడ్డలో మూటగట్టి నూకాలు చేతికి ఇచ్చాడు.

పట్నం అంగడి మొదట్లోనే చిట్టి షరాబు కొట్టు ఉంది. గుమ్మానికి మామిడి తోరణం, లోపల పట్టు పరుపు. నూకాలు మాడ ముందుంచి మూడు సంగతులు అడిగింది. ఇది బంగారమేనా? ఎవరి కాలపుది? ఎవరు ముద్ర వేయించారు? చిట్టి షరాబు దాన్ని తక్కెడలో వేయలేదు, గీటురాయి మీద గీయలేదు. ప్రతాపార్కుల వారిదే, సందేహం లేదు, పత్రం రాసిస్తానని తాటాకు తీశాడు. ఎలా తెలిసిందని నూకాలు అడిగితే, తన మాటే పత్రమని నవ్వాడు.

వినడానికి బాగానే ఉంది. కానీ చూడకుండా ఔనన్నవాడు చూడకుండా కాదని కూడా అనగలడని నూకాలుకు తోచింది. దండం పెట్టి, మాడ తీసుకుని బయటికి వచ్చింది.

రెండో వీధిలో తిప్ప షరాబు ఉన్నాడు. అతను మాడను అటూ ఇటూ తిప్పి పెద్దగా నిట్టూర్చాడు. ఇత్తడి మీద బంగారు పూత అన్నాడు. పాపం ఇంత దూరం నడిచి వచ్చావు కాబట్టి నేనే ఉంచుకుని నీకొక చీర ఇప్పిస్తానన్నాడు. గీటురాయి మీద గీసి చూపమని నూకాలు అడిగింది. రాయి ఇవాళ తడిగా ఉందన్నాడు.

"పూత బిళ్ళ మీకు మాత్రం ఎందుకు అయ్యా?" అని అడిగింది నూకాలు. అతను జవాబు వెతుక్కునేలోపే మాడ ఆమె మూటలోకి వెళ్ళిపోయింది.

ఊరి చివర టంకశాల ఉంది. రాజుగారి నాణేలు తయారయ్యేది అక్కడే. దాని అరుగు మీద నరసింగ షరాబు అనే ముసలాయన కూర్చునేవాడు. కొట్టూ లేదు, తోరణమూ లేదు. చాప మీద తక్కెడ, గీటురాయి, చిన్నవాటిని పెద్దవిగా చూపే స్ఫటికపు బిళ్ళ మాత్రం ఉన్నాయి.

నూకాలు ప్రతాపార్కుల కథ మొదలుపెట్టబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"నువ్వేం వినాలనుకుంటున్నావో చెప్పకు తల్లీ. ఏం తెలుసుకోవాలనుకుంటున్నావో అది చెప్పు."

ఆమె తన మూడు ప్రశ్నలూ అడిగింది. ఆయన మూడు రోజులు గడువు అడిగి, అంతవరకూ మాడ తన దగ్గర ఉన్నట్టు ముద్ర వేసి చీటీ ఇచ్చాడు. మొదటి రోజు తూచాడు. రెండో రోజు గీటురాయి మీద గీసి, ఆ గీత పక్కనే టంకశాల బంగారంతో మరో గీత గీసి రెంటినీ పోల్చాడు. మూడో రోజు స్ఫటికపు బిళ్ళ అడ్డం పెట్టుకుని, ఎండలో చిలుక ఈకలను ఒక్కొక్కటే చూశాడు.

నూకాలు తిరిగి వచ్చాక తేలింది తేలినట్టు చెప్పాడు. బంగారం మేలిమిది. మూసలో పోసింది కాదు, టంకశాలలో ముద్ర కొట్టినదే. కానీ ప్రతాపార్కుల వారిది మాత్రం కాదు. ఆయన ముద్ర వరాహం.

"మరి ఈ చిలుక ఎవరిది అయ్యా?"

"నాకు తెలియదు. అరవై ఏళ్ళుగా నాణేలు చూస్తున్నాను, ఈ చిలుకను చూడలేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయలేను."

తెలిసినదంతా, తెలియనిది కూడా, ఒకే తాటాకు మీద రాసి సంతకం చేసి ఇచ్చాడు. మాడ బంగారమైనందుకు సంతోషించాలో, కథ అబద్ధమైనందుకు ఏడవాలో తెలియక నూకాలు ఇంటిదారి పట్టింది.

ఇంట్లో ఆ తాటాకు చదివించి విన్నాక సన్యాసమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చుట్టాలు వచ్చి తలో సలహా ఇచ్చారు. ఆ ఆకు పొయ్యిలో పెట్టమని ఒకరు, చిట్టి షరాబు దగ్గర పత్రం రాయించుకు రమ్మని మరొకరు, సభకే వెళ్ళకుండా ఊరుకోమని ఇంకొకరు. దాలయ్య అందరి మాటా విన్నాడు. రేవు పోతే తెడ్డు పట్టే చేతులు ఎక్కడికీ పోవని, అబద్ధం ఆడి నిలబెట్టుకున్న రేవులో రోజూ ఎవరి ముఖం చూడగలమని అడిగాడు. సన్యాసమ్మ లేచి ముఖం కడుక్కుంది.

కార్తీక పున్నమి వచ్చింది. సభ నిండిపోయింది.

ముందుగా కామిశెట్టి లేచి వరాహ ముద్ర ఉన్న మాడ చూపాడు. దానికి తోడు చిట్టి షరాబు రాసిన పత్రం చదివి వినిపించాడు. సభవాళ్ళు తలలూపారు.

తరువాత నూకాలు వచ్చింది. మాడనూ తాటాకునూ రాజు ముందుంచింది.

"మహారాజా, ఇది ప్రతాపార్కుల వారు ఇచ్చారని మేము ఇన్నాళ్ళూ చెప్పుకున్నాం. అది నిజం కాదని ఇప్పుడు తెలిసింది. బంగారం మంచిది, ముద్ర టంకశాలది. ఎవరిచ్చారో మాకు తెలియదు. తమరు కనుక్కోగలరని వచ్చాం."

కామిశెట్టి నవ్వి, ఆమే ఒప్పుకున్న తరువాత ఇంక విచారణ ఎందుకన్నాడు. రాజు అతని వైపు చూడలేదు. నీకు ప్రతికూలంగా ఉన్న పత్రాన్ని నువ్వే ఎందుకు తెచ్చావని నూకాలును అడిగాడు.

"సగం దాచి ఇచ్చిన పత్రం పత్రం కాదు కదా మహారాజా" అంది నూకాలు.

రాజు మాడను చేతిలోకి తీసుకుని ఆ చిలుకను చూశాడు. తరువాత భాండాగారంలోని పాత అచ్చులూ రాగిరేకులూ వెతికించమని ఆజ్ఞాపించాడు. మొదటి రోజు ఏమీ దొరకలేదు. రెండో రోజూ దొరకలేదు. మూడో రోజు అడుగున ఉన్న పెట్టెలో ఇనుప అచ్చు ఒకటి, దానికి కట్టిన రాగిరేకు ఒకటి బయటపడ్డాయి. అచ్చు మీద చిలుక ఉంది. మాడను దాని మీద పెడితే ఈకకు ఈక సరిపోయింది.

మంత్రి రాగిరేకు చదివాడు. ప్రతాపార్కులు యుద్ధంలో మరణించాక, ఆయన రాణి మలయాంబ పదకొండు నెలలు రాజ్యం ఏలింది. ఆ పదకొండు నెలల్లో కొట్టిన కొద్దిపాటి మాడల మీద ఆమె పెంపుడు చిలుకే ముద్ర. తరువాతి కాలంలో వాటిని కరిగించేశారు. రేకు మీద చివర ఇలా ఉంది:

"శత్రువులు తరుముతుండగా, ఏ మగవాడూ పడవ విప్పని వరదలో, నన్నూ నా పసిబిడ్డనూ ఆవలి ఒడ్డుకు చేర్చిన పడవమనిషి మంగికి తుమ్మలరేవు ఇచ్చాను. ఆమె సంతతి ఉన్నంతకాలం ఇది చెల్లుతుంది."

సభలో వెనకగా నిలబడ్డ సన్యాసమ్మ ముందుకు వచ్చింది. మంగి అంటే గంగన్న భార్య పేరని, తన భర్త చిన్నప్పుడు ఆమె ఒళ్ళోనే పెరిగాడని చెప్పింది. ఆమె పడవ నడిపిందని మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పుకోలేదు. కథ నోట నోట పడి రాణి కాస్తా రాజైపోయింది, మంగి కాస్తా గంగన్న అయిపోయింది.

రాజు సింహాసనం దిగి వచ్చాడు.

"ఆ పసిబిడ్డ మా తాతగారు. మీ మంగి ఆ రోజు పడవ విప్పకపోతే ఈ సభా లేదు, నేనూ లేను."

అప్పుడు నరసింగ షరాబును పిలిపించి కామిశెట్టి మాడను చేతికిచ్చారు. ఆయన దాన్ని తూచి, గీటురాయి మీద ఒక్క గీత గీసి రాజుకు చూపాడు. గీత నల్లగా వచ్చింది. సీసం మీద బంగారు పూత. నూకాలు కూడా ప్రతాపార్కుల పేరే పట్టుకుని కూర్చుని ఉంటే, చిలుక సంగతి ఎవరూ వెతికేవాళ్ళు కాదు, రేవు కామిశెట్టి చేతికి పోయేది.

చిట్టి షరాబు ఇక నాణేలు చూడకూడదని రాజు అతని తక్కెడను లాక్కోమన్నాడు. తుమ్మలరేవుకు రాతి మెట్లు కట్టించే పని కామిశెట్టి మీద పెట్టాడు. మంగి పేరున కొత్త రాగిరేకు రాయించి నూకాలు చేతికి ఇచ్చాడు.

ఇంటికి బయలుదేరే ముందు నూకాలు టంకశాల అరుగు దగ్గర ఆగింది. రాగిరేకు మీది మాటలన్నీ నరసింగ షరాబు ఆమె చేత మళ్ళీ చెప్పించుకుని, తన తాటాకుల కట్టలో చిలుక బొమ్మ గీసి, పక్కన మలయాంబ పేరు రాసుకున్నాడు. ఈ సంగతి తనకు నేర్పింది తుమ్మలరేవు నూకాలు అని కూడా కింద రాసుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, మనదనుకున్నది నిజమో కాదో తెలిసినవారిని ధైర్యంగా అడగాలి. వచ్చిన జవాబు నచ్చినా నచ్చకపోయినా దాచకుండా చెప్పినవారికే నిజం అండగా నిలుస్తుంది.