స్లాబు కింద కుర్చీ

భూషణాచారి గారు శిష్యుల ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పగా ఎవరూ చూడలేదు. ప్రశ్న పూర్తిగా వినేవారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకునేవారు. "దానికో రోజు వస్తుంది. అప్పుడడుగు" అని మళ్ళీ బల్ల మీదికి వంగేవారు. కొండల కింది ఆ చిన్న పట్నంలో నలభై ఏళ్ళుగా లేచిన కొట్లకూ ఇళ్ళకూ ప్లాను గీసిందీ, స్లాబులో వేసే ఇనప ఊచల లెక్క కట్టిందీ ఆయనే. ఆయన దగ్గర చేరాలని వచ్చినవాళ్ళలో సగం మంది ఈ అలవాటు భరించలేకే వెళ్ళిపోయారు.

హైమావతి మాత్రం వెళ్ళలేదు. ఇంజినీరింగ్ చదువు ముగించి ఆయన దగ్గర చేరి మూడేళ్ళయింది. ఒక ఉదయం ఆమె అడిగింది.

"మేష్టారూ, నేను వేసిన లెక్క సరైందని నాకు ఎప్పుడు తెలుస్తుంది?"

ఆచారి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పోలినాయుడి ఇంటి కర్రలు తీసే రోజున అడుగు" అన్నారు.

మజ్జి పోలినాయుడు ఎరువుల వ్యాపారి. బజారు వీధిలో కింద నాలుగు కొట్లు, పైన రెండంతస్తుల్లో నాలుగు కాపురాలు ఉండేలా మేడ కట్టిస్తున్నాడు. కొట్ల ముందు బస్తాల బండి తిరగాలి కాబట్టి అక్కడ స్తంభం అడ్డు రాకూడదన్నాడు. అది హైమ మొదటిసారి సొంతంగా గీసిన మేడ. కొట్ల మీది మొదటి అంతస్తు బాల్కనీని గోడలోంచి ఏడడుగులు ముందుకు చాచింది, కింద ఒక్క స్తంభమైనా లేకుండా. ఆచారి గారు ఆ లెక్క మూడుసార్లు చూశారు, ఎక్కడా ఎర్రగీత పెట్టలేదు. ఆ రాత్రి హైమకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

అలాంటి బాల్కనీకి ప్రాణం ఎక్కడుంటుందో ఆమెకు చేరిన మొదటి వారంలోనే తెలిసింది. ఆచారి గారు నిండు బకెట్ ఆమె చేతికిచ్చి, చేయి చాచి నిలబడమన్నారు.

"ఎక్కడ లాగుతోంది?"

"పైన, భుజం మీద."

"స్లాబుకీ అంతే. ఊచలు పైనుండాలి. కిందికి జారితే అవి ఉన్నా లేనట్టే."

ఆ మాట ఆమె మరిచిపోలేదు. స్లాబు పోసే రోజున తెల్లవారకుండానే పైకెక్కి, బాల్కనీ ఊచలన్నీ పై అంచుకు అంగుళం దిగువన ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ కొలిచింది. ఆ రోజు బజారు బజారంతా అక్కడే ఉంది. మిక్సరు తిరుగుతోంది, కాంక్రీటు తట్టలు చేతులు మారుతున్నాయి, వంటవాళ్ళు పొయ్యి మీంచి పలావు దించుతున్నారు. స్తంభం లేని బాల్కనీ గీసింది ఆడపిల్ల అని విని జిల్లా పేపరు విలేకరి కూడా వచ్చాడు. మర్నాడు పేపర్లో హైమ ఫొటో పడింది. పక్కన పోలినాయుడు, వెనక సగం పోసిన స్లాబు. ఆ కాగితం ముక్క మడిచి ఆమె సంచిలో పెట్టుకుంది.

స్లాబు పూర్తిగా గట్టిపడే ఇరవై ఎనిమిదో రోజు వచ్చింది. బాల్కనీని మోస్తున్న సరుగుడు కర్రలు తీసేసే రోజు. పొద్దున ఎనిమిదింటికే జనం పోగయ్యారు.

"కర్ర తీస్తే గెద్ద వాలినట్టు వాల్తాదిరా ఇది" అన్నాడొకడు.

"నాయుడు గారు స్తంభాలు మిగిల్చుకున్నారు. రేపు పెళ్ళి పందిట్లోకి పనికొస్తాయిలే" అన్నాడు ఇంకొకడు.

"నవ్వండి, నవ్వండి. శుక్రవారం కొట్టు తెరుస్తాను. ఈ బాల్కనీ మీద మా చుట్టాలు ముప్పైమంది నిలబడతారు, అప్పుడు చూడండి" అన్నాడు పోలినాయుడు మీసం దువ్వుకుంటూ.

హైమకు ఆ మాటలన్నీ మేళంలా వినిపించాయి. ఒళ్ళంతా ఉత్సాహంతో పొంగిపోతోంది. ఎదురుగా ఉన్న టీ కొట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, బాల్కనీ కింద సరిగ్గా నడుమ వేసి, అందరికీ వినబడేలా చెప్పింది.

"నేను ఇక్కడ కూర్చుంటాను. కర్రలన్నీ తీసేదాకా లేవను."

ఈలలు పడ్డాయి. "ఇదీ ఇంజినీరమ్మంటే!" అని పోలినాయుడు తొడ చరిచాడు. సెంట్రింగ్ మేస్త్రీ ఎర్నాయుడు మాత్రం సుత్తి చేతిలో పట్టుకుని నేల చూపులు చూశాడు.

ఆచారి గారు వీధికి అవతల, టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయనకు ఒక నియమం ఉంది. కర్ర తీయమనే మాట లెక్క వేసినవాళ్ళ నోటి నుంచే రావాలి, మరొకరు చెప్పకూడదు. అందుకే ఆయన హైమ మొహం కేసి చూస్తూ ఊరుకున్నారు. వద్దనలేదు, సెబాసనీ అనలేదు.

హైమ చేయి పైకెత్తింది. "తియ్యండి" అనే మాట నాలుక చివర ఉంది.

సరిగ్గా అప్పుడు తూర్పు చివర, రెండు కర్రల నడుమ, ఒక గంప దిగింది. కొండ మీది నుంచి అనాస పళ్ళు తెచ్చి అమ్మే అసిరమ్మ. ఎండలో నడిచి నడిచి వచ్చిందేమో, నీడ కనబడగానే గోనె పరిచి, కాళ్ళు చాపి, పైట చెంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది. జనమంతా హైమను చూస్తున్నారు కనుక ఆమెను ఎవరూ గమనించలేదు.

"లే! లే అమ్మా! బయటికి రా!"

ఆ కేక తనదేనని హైమకు ఒక క్షణం తరవాత గాని తెలియలేదు. ఎంత విసురుగా లేచిందంటే కుర్చీ వెనక్కి పడిపోయింది.

అసిరమ్మ తాపీగా తలెత్తింది. "ఎందుకు లెగాల? నువ్వు కూకున్నావు కదేటి?"

"నేను వేరు. నువ్వు లే ముందు."

"ఏటి వేరు? ఒకటే రాయి కదా పైన? నీకైతే నీడా, నాకైతే బండా?"

జనం ఘొల్లున నవ్వారు. హైమకు నవ్వు రాలేదు. వీధి అవతలి నుంచి ఆచారి గారి గొంతు వినిపించింది.

"ఒక్క కర్రా కదల్లేదు కదా హైమా. అంత కేక ఎందుకు?"

ఆమె వెనక్కి పడిన కుర్చీకేసి చూసింది.

"నువ్వు కూర్చోవచ్చు, ఆవిడ కూర్చోకూడదు. ఎందుకో చూసుకో" అన్నారాయన.

హైమ తూర్పు చివరకేసి చూసింది. అక్కడే. స్లాబు పోసిన రోజున విలేకరి ఫొటోకి పిలిస్తే కిందికి దిగింది. ఇరవై నిమిషాలు. తిరిగి పైకి వచ్చేసరికి తూర్పు చివర కాంక్రీటు పోసేసి, అద్దంలా నున్నగా సదిరేశారు. "ఊచలు తొక్కలేదు కదా?" అని ఎర్నాయుణ్ణి అడిగింది. "అబ్బే, లేదమ్మా" అన్నాడు. ఆ రోజు పలావు తింది, నవ్వింది, ఇంటికెళ్ళింది. ఇరవై ఎనిమిది రోజులు ఆ ఇరవై నిమిషాలు ఆమె లోపల ఎక్కడో మూల కూర్చుని ఉన్నాయి. తన ప్రాణం పందెం పెట్టినప్పుడు కూడా అవి కదల్లేదు. మనిషి తనకు తాను అబద్ధం చెప్పుకుని ధైర్యంగా బతికేయగలడు. ఆ అబద్ధం కింద ఇంకొకరు గంప దించుకుని కూర్చుంటేనే గుండె ఆగుతుంది.

"కర్రలు తీయొద్దు" అంది హైమ.

"ఏంటీ?" పోలినాయుడు ముందుకొచ్చాడు. "శుక్రవారం ముహూర్తం! కార్డులు పంచేశాను! ఇప్పుడేగా కుర్చీ వేసుక్కూర్చున్నావు?"

"బయపడిపోనాది" అన్నాడు జనంలో ఒకడు.

"అవును, భయపడ్డాను" అంది హైమ. "సుత్తీ ఉలీ ఇవ్వండి."

ఎవరి సాయమూ అడగకుండా పైకెక్కింది. తూర్పు చివర, గోడను ఆనుకుని స్లాబు మీద జానెడు మేర సుద్దతో గీసి, మోకాళ్ళ మీద కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. ఉలి దెబ్బ ఒక్కటే వినిపిస్తోంది. అంగుళం లోతు తవ్వింది. ఊచ తగలాల్సింది అక్కడే. తగల్లేదు. రెండంగుళాలు. రాయి, సిమెంటు, అంతే. చెమట కంట్లోకి కారుతోంది. మూడంగుళాలు. ఆమె పక్కకు ఎప్పుడు వచ్చాడో ఎర్నాయుడు వచ్చి నిలబడ్డాడు. ఆరంగుళాల స్లాబులో నాలుగంగుళాల దిగువన ఉలి ఖంగుమంది.

"మద్దేనం పూట కుర్రోళ్ళు ఊచల మీంచే నడిచేరమ్మా" అన్నాడు ఎర్నాయుడు, ఏడుపు గొంతుతో. "చెప్తే కట్టిందంతా మళ్ళీ ఇప్పిస్తావని..."

"నువ్వు చెప్పలేదు. నేను చూడలేదు" అంది హైమ. అంతకంటే అతన్ని ఒక్క మాట అనలేదు.

కిందికి దిగి పోలినాయుడి ఎదుట చేతులు కట్టుకుని నిలబడింది. బాల్కనీ పగలగొట్టాలని, మళ్ళీ పోయాలని, తప్పు తనదని చెప్పింది. పోలినాయుడు పెద్దగా అరవబోయాడు. పైన నిలబెడదామనుకున్న ముప్పైమంది చుట్టాలు గుర్తొచ్చారు కాబోలు, నోరు మూసుకుని టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాడు. ఆచారి గారు ఆమెను తిట్టలేదు. ఆయన తిడితే బాగుండునని హైమకు అనిపించింది. సాయంత్రం ఆఫీసుకు వెళ్ళాక సంచిలోంచి ఆ పేపరు ముక్క తీసి, తను గీసిన ప్లాను వెనక అతికించింది. ఎందుకని ఆయన అడగలేదు.

రెండోసారి స్లాబు పోసిన రోజున వంటలు లేవు, విలేకరీ లేడు. ఊచలు కిందికి కుంగకుండా గట్టి ఆనింపులు పెట్టించి, పైన నడవడానికి వేరే పలకలు వేయించింది. ఊచల మీద ఒక్క పాదం పడనివ్వలేదు. మొదటి తట్ట పడ్డప్పుడు నిలబడిన మనిషి ఆఖరి తట్ట సదిరేదాకా అక్కడే ఉంది. భోజనానికి రమ్మంటే మంచినీళ్ళు పైకి పంపమంది. జానెడు జానెడుకూ పుల్ల గుచ్చి ఊచ ఎంత లోతునుందో చూసింది. ఎర్నాయుడు కూడా ఆ రోజు ఏమీ తినలేదు.

మళ్ళీ ఇరవై ఎనిమిది రోజులు. మళ్ళీ అదే వీధి, అదే జనం. ఈసారి ఎవరూ వెటకారాలాడలేదు. బాల్కనీ అంచు వెంబడి, రెండు పక్కలా పాతిన గుంజలకు హైమ దారం లాగి కట్టింది, స్లాబు ఏమాత్రం వంగినా తెలియడానికి. కింద ఎవరూ లేకుండా వీధికి తాడు కట్టించి, బాల్కనీ కింద అటు చివర నుంచి ఇటు చివరకు రెండుసార్లు నడిచి చూసింది. తాడు దాటి బయటికి వచ్చి అంది.

"తియ్యండి."

చివరి అంచు కర్రలు ముందు, గోడ దగ్గరివి ఆఖరున. ఒక్కొక్క కర్ర ఊడి నేల మీద పడ్డప్పుడల్లా జనం లెక్కపెట్టారు. పదకొండు. పన్నెండు. ఆఖరి కర్రకు ఎర్నాయుడు కళ్ళు మూసుకుని సుత్తి దెబ్బ వేశాడు. కర్ర పడింది. ఆ చప్పుడు తరవాత ఇంకే చప్పుడూ రాలేదు. బాల్కనీ గాలిలో చేయి చాచినట్టు నిలబడింది. హైమ నిచ్చెనెక్కి దారం దగ్గరికి వెళ్ళింది. చూసింది, మళ్ళీ వంగి చూసింది. వెంట్రుక మందం తేడా. లెక్కలో రాసినంతే.

"నిలబడింది!" అని ఎర్నాయుడు అరిచిన అరుపుకు వీధంతా గొంతు కలిపింది. పోలినాయుడు ఎవరిని కౌగిలించుకుంటున్నాడో చూసుకోకుండా టీ కొట్టువాణ్ణి కౌగిలించుకున్నాడు.

ఆ గోలంతా సద్దుమణిగాక, తాడుకు అవతల గంప నెత్తిన పెట్టుకుని నిలబడిన అసిరమ్మ అడిగింది.

"ఇంజినీరమ్మా, ఇప్పుడు కూకోమంటావా, మళ్ళీ లెగదీస్తావా?"

హైమ ఆ రోజు వచ్చిన కేక లోపల ఇంకా ఉందేమోనని వెతుక్కుంది. మూలమూలా వెతికింది. లేదు. తనే వెళ్ళి తాడు విప్పింది.

"కూర్చో అసిరమ్మా."

అసిరమ్మ తూర్పు చివర గోనె పరిచి, కాళ్ళు చాపింది. పైకైనా చూడకుండా ఒక అనాస పండు తీసి చెక్కడం మొదలుపెట్టింది.

ఆచారి గారు వీధి దాటి వచ్చి హైమ పక్కన నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ రోజున ఏదో అడగాలి నువ్వు."

హైమ అసిరమ్మను చూసింది. ఇక అడగక్కర్లేదన్నట్టు తల ఊపింది.

"మరి నీ కుర్చీ ఏదమ్మా?"

"తేలేదు మేష్టారూ."

"మంచిది" అన్నారు ఆచారి గారు. "ఆ చోటు ఎప్పుడూ మనది కాదు, నీడకని వచ్చేవాళ్ళది."