మునసబుగారి ఎడమ పెడలు

సైకిలున్నవాడే దర్జా అయిన మనిషిగా చెలామణి అయిన రోజుల్లో, సింగంపాలెం మునసబు నరసరాజుగారికి కంట్లో నలుసు ఎవరయ్యా అంటే, సైకిళ్లు బాగుచేసే కాశీం. మునసబు కనబడితే జనం భయపడి లేచి నిలబడేవారు. కాశీం పనితనం చూసి మాత్రం చప్పట్లు కొట్టేవారు. తనకు ఒక్కడూ కొట్టడేమని ఆయనకు ఒకటే కడుపుమంట.

ఇంతలో మునసబుగారి తాతగారి సైకిలుకి ఎడమ పెడలు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పాలేర్లు రెండు రోజులు పెనుగులాడినా కదల్లేదు. మునసబు సంబరపడిపోయి, ఆ సైకిలు కాశీం ముందు పెట్టించాడు.

"పొద్దుగూకేలోగా ఊడదియ్యి. సుత్తి తగిలించినా, నిప్పు చూపించినా నీ కొట్టు ఎత్తేయిస్తా!"

కాశీం కిరసనాయిలు పోసి సాయంత్రందాకా నాననిచ్చాడు. ఊరంతా చేరాక పానా పట్టి, మూలిగి, వదిలేశాడు.

"నావల్ల కాదు అయ్యగారూ. రేపెప్పుడైనా నేను దీన్ని ఊడదీసి మళ్లీ చప్పట్లు కొట్టించుకోకుండా, మీ చేత్తోనే ఇంకో చుట్టు బిగించెయ్యండి."

ఆ మాట మునసబుకి తేనెలా దిగింది. పానా లాక్కుని, మరలన్నీ బిగించేవైపే బలంకొద్దీ తిప్పాడు. పెడలు కీచుమని, నాలుగు చుట్లు తిరిగి, ఊడి ఆయన చేతిలోకొచ్చింది.

"ఎడమ పెడలుకి మర తిరగేసి ఉంటుందయ్యగారూ," అన్నాడు కాశీం చేతులు కట్టుకుని. "మీ పాలేర్లు ఊడదీద్దామని రెండు రోజులు బిగించారు. మీరు బిగిద్దామని ఊడదీశారు."

ఊరంతా విరగబడి చప్పట్లు కొట్టింది.

"అవి నాకు కాదు, మీకే," అన్నాడు కాశీం.