రానివాడి ఓటు

పొద్దెక్కి మూడు గడియలకు పోలయ్య సంతలో డప్పు కొట్టి, కొలువు సభ్యుల ఓట్లు చాటుతున్నాడు. అద్దకం తొట్ల మురికిని ఏట్లో వదలకూడదన్న చట్టం ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. ఆ ఏటి నీళ్లు తాగి పోలయ్య గేదెలు రెండు ఇప్పటికే చచ్చాయి.

"ఏటికి వ్యతిరేకం, భుజంగరాయలు!"

'ఏరు మన తల్లి' అని ఊరూరా చెప్పే కొలువు సభ్యుడు రాయలు అప్పుడే అటుగా వచ్చి, గుర్రం దిగకుండానే అరిచాడు. "ఒరే, నేనసలు కొలువుకే రాలేదు. రానివాడు వ్యతిరేకమెలా అవుతాడ్రా? మార్చి చాటు, లేదా డప్పు వదులుకో."

"చిత్తం దొరా. ఎల్లుండి మీ పదవి పొడిగింపు మీద ఓట్లేస్తారట. మీవాళ్లందర్నీ ఇళ్లలోనే ఉండమని చాటనా? రానంతమాత్రాన మీకు వ్యతిరేకం కాదు గదా!"

సంత గొల్లున నవ్వింది. రాయలు గుర్రాన్ని తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆరు రోజుల తర్వాత పోలయ్యకు తెలిసింది. చట్టాన్ని మళ్లీ ఓటుకు పెడితే నెగ్గిందట. ఆ ఉదయం కొలువు తలుపులు తెరవకముందే గుమ్మంలో నిలబడ్డవాడు భుజంగరాయలేనట.