ఎర్రకనుమ ఆదారమ్మ: రాతితొట్టి కథ

ఎర్రకనుమ మీద వెలసిన ఆదారమ్మ తల్లికి విగ్రహం లేదు. గర్భగుడిలో ఉన్నది ఒక రాతితొట్టి. పసుపు కుంకుమలు తొట్టి అంచుకే పెడతారు, హారతి తొట్టిలోని నీళ్లకే ఇస్తారు. మొదటిసారి వచ్చిన భక్తులు "అమ్మవారు ఏరీ?" అంటూ గుడి చుట్టూ వెతుక్కోవడం మేము రోజూ చూసేదే. కొండ కింద మండపంలో మట్టికడవలు పేర్చి ఉంటాయి. ఒకటి తీసుకుని, అక్కడి బావినీళ్లతో నింపి, రెండు మైళ్ల కొండదారి ఎక్కి ఆ తొట్టిలో పోయాలి. గుడి వెనక తూము దగ్గర బాటసారులు, మేకలు, కోతులు ఆ నీళ్లే తాగుతారు. మోసినవాళ్లు మాత్రం దిగివచ్చేదాకా గుక్కెడైనా తాగకూడదు. పిల్లలకు, పెద్దవాళ్లకు, ఒంట్లో బాగాలేనివాళ్లకు ఈ నియమం లేదు. దప్పిక తెలిసిన తల్లి కదా, ఆమెకు మొండిపట్టుదలలు లేవు.

రోడ్డు మీది బోర్డులో "ఆధారమ్మ" అని ఒత్తు పెట్టి రాశారు. ఆ పెయింటరు నాలుగక్షరాలు చదువుకున్నవాడు, అదే వచ్చిన తంటా. అమ్మ పేరులో ఒత్తు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ చిన్న పుస్తకం.

పూర్వం ఇక్కడ గుడి లేదు, బాట లేదు, తల దాచుకునేందుకు చెట్టన్నది లేదు. ఎర్రరాళ్ల మధ్య మనిషి పట్టేంత సందు, దానికి అటు సంత ఊరు, ఇటు లోయపల్లె. ఎండాకాలంలో ఈ కనుమ దాటబోయి ప్రాణాలు వదిలినవాళ్లు ఎందరో. అందుకని లోయపల్లె జనం దీని పేరు నోట పలికేవారు కారు, "ఆ దారి" అనేవారు. చనిపోయినవాళ్లు యమపురికి నడిచే దారినీ వాళ్లు "ఆ దారి" అనే అనేవారు. అదీ పేరు పలకరానిదే గదా! రెండు దారులకూ మాట ఒక్కటే కావడం వల్ల ఈ కథ నడిచింది.

ఆ పల్లెలో బయన్న అని రాతిపనివాడు ఉండేవాడు. రోళ్లు, తిరగళ్లు చెక్కేవాడు. చేతిలో పనితనం ఎంతో నోట్లో వెటకారం అంత. దేవుళ్లంటే నమ్మకం లేదు, దయ్యాలంటే భయం లేదు. "రాయి దేవుడైతే నేను రోజుకు పదిమంది దేవుళ్లను పగలగొడతాండా, ఒక్కడన్నా కుయ్యిమనలా" అనేవాడు. అబద్ధం మాత్రం ఆడడని ఊరంతటికీ పేరు. అతనికి ఒక్కతే చెల్లెలు, లింగక్క. ఆమె మొగుడు కదిరప్ప, బయన్న చెక్కిన తిరగళ్లను గాడిద మీద వేసుకుని సంతకు తోలేవాడు. ఒక రోహిణి కార్తెలో కదిరప్ప ఈ కనుమలోనే పడిపోయాడు. దారిలో రాయి తగిలి నీళ్ల సొరబుర్ర పగిలిందట. గాడిద ఒక్కటే ఇంటికి వచ్చింది.

పదకొండో నాడు దాసరి నరసింగయ్య శంఖం ఊది, జేగంట కొట్టి, పోయినవాళ్ల ప్రయాణం చెప్పాడు. "ఆ దారిలో నీడ లేదు తల్లీ, నీళ్లు లేవు. కాలి కింద నేల నిప్పులై కాలుతుంది. జీవుడు గుక్కెడు నీళ్లని అరిస్తే పలికే దిక్కుండదు" అన్నాడు. లింగక్క గుండె చెరువైపోయింది. గొడుగు, చెప్పులు, చెంబు, దాసరి చెప్పిన దానాలన్నీ చేసింది. వెనక కూర్చున్న బయన్న మాత్రం "ఇదంతా బతికినోళ్లను బెదిరించేదానికి. చచ్చినోనికి దప్పికేంది?" అని పైకే అన్నాడు.

ఆ మధ్యాహ్నం లింగక్కకు కునుకు పట్టింది. ఎర్రటి వెలుగులో కదిరప్ప నిలబడి ఉన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. "లింగీ, ఆ దారిలో ఒక్క గుక్క దొరకలేదే" అన్నాడు, అంతే. లేచి కూర్చుని ఆమె ఒట్టు పెట్టుకుంది. ఆయన తాగేదాకా తానూ తాగనంది.

రోహిణి ఎండల్లో ఒట్టి నోటితో మనిషి ఎన్నాళ్లు నిలుస్తుంది? రెండో రోజుకే నాలుక పిడచగట్టుకుపోయింది. దాసరి పరుగున వచ్చాడు. "దానం చేయమని చెప్పినాను గానీ తల్లీ, ప్రాణం తీసుకోమని నేను చెప్పినానా?" అని చేతులు పట్టుకున్నాడు.

"అయితే నువ్వు చెప్పింది అబద్ధమా సామీ?" అని అడిగింది లింగక్క.

పాపం, దాసరి ఆమె చేతులు వదిలేశాడు. తల వంచుకుని పోయాడు.

బయన్న తిట్టాడు, బతిమాలాడు, నీళ్లచెంబు నోటి దగ్గర పెట్టి ఏడ్చాడు. అంత వెటకారపు మనిషి ఏడవడం ఊరు అంతకుముందు చూడలేదు. మూడో రోజు పొద్దున్నే లింగక్క గొంతు పెగల్చుకుని, "ఆ దారిలో ఎవురన్నా ఒక్క కడవ పెట్టొస్తే సాలన్నా" అంది.

బయన్న చటుక్కున లేచాడు. "ఆ దారే గదా? నాకు తెలుసు. నేను పెట్టొస్తా."

"నీకెట్ట తెలుసు?"

"నూరు తూర్లు నడిచినా."

అన్న అబద్ధమాడడు. కనుక లింగక్క నమ్మింది. "కడవ వట్టిదై తిరిగొస్తే తాగుతా" అని కళ్లు మూసుకుంది.

ఆ విధంగా బయన్న నిండుకడవ భుజాన పెట్టుకుని ఈ కనుమ ఎక్కాడు. నిజం చెప్పాలంటే అతని ఎత్తు వేరు. పైకి పోయి కడవ వంచేస్తే సరి, వట్టికడవ చూపిస్తే చెల్లెలు బతుకుతుంది. కదిరప్ప పడిపోయిన చోటికి వచ్చి కడవ దించాడు. ఆ కబురు విన్నాక అతను అక్కడికి రావడం అదే మొదలు. నీడ లేదు. నీళ్లు లేవు. కాలి కింద బండ నిప్పులా కాలుతోంది. కేకవేసి చూశాడు. రాళ్లు తిరిగి పలికాయే తప్ప మనిషి పలకలేదు. "ఓరి దాసరీ, నువ్వు చెప్పిన దారి ఇదే గదరా!" అని అక్కడే చతికిలబడ్డాడు. ఇన్నాళ్లూ అబద్ధమని నవ్విన మాట అక్షరం పొల్లుపోకుండా కళ్లెదుట ఉంది. తానే తిరగళ్లు చెక్కి ఈ దారిలోకి తోలిన చెల్లెలి మొగుడు, గుక్కెడు నీళ్లకు అరిచి అరిచి పోయిన చోటది.

కడవ వంచబోయాడు, చేతులు రాలేదు. ఆ నేల మీద నీళ్లు పారబోయడానికి అతనికి మనసొప్పలేదు. పారబోయకపోతే కింద చెల్లెలు దక్కదు. ఎటూ పాలుపోక, కడవకు తల ఆనించి కూర్చుండిపోయాడు. ఎండ తెల్లగా, పల్చగా, నీటిపొరలా కదులుతోంది. కదిలే ఆ వెలుగులోంచి ఒక ముసలామె నడిచి వచ్చింది. నెత్తిన కట్టెలమోపు, ఎర్రకోక, కాళ్లకు చెప్పులు లేవు. ఏమీ అడగకుండా వంగి కడవ ఎత్తింది. తాగింది, తాగింది, కొండవాగు ఇంకినట్లు కడవ అడుగు కనిపించేదాకా తాగింది.

"ఇన్నాళ్లకు ఈ దారిలో ఒక తల్లి కన్నబిడ్డ నీళ్లు పెట్టినాడు" అంది.

"ఎవురమ్మా నువ్వు?" అన్నాడు బయన్న.

"ఆ దారిన పోయేదాన్ని నాయనా. రేపూ పెట్టు. నా ఎనక శానామంది వస్తాండారు."

బయన్న కళ్లు నులుముకుని చూస్తే ఎవరూ లేరు. కలా అంటే కడవ వట్టిది. నిజమా అంటే బండ మీద అడుగుజాడ లేదు. కడవ దించినచోట గుండ్రటి తడి మాత్రం ఉంది, అదీ చూస్తుండగానే ఆరిపోయింది. ఇక అతను ఆలోచించలేదు, కడవ చంకన పెట్టుకుని కొండ దిగి ఉరికాడు.

లింగక్క కళ్లు తెరిచింది. కడవలో చెయ్యి పెట్టి తడిమింది. "తాగినాడా?" అని అడిగింది.

అబద్ధమాడని నోరు అది. "తాగినారమ్మా" అన్నాడు బయన్న.

తాగినారు. మర్యాదకు ఒకరినైనా అలా అనవచ్చు, పదిమందినైనా అనవచ్చు, దారిన పోయే ముసలామెనైనా అనవచ్చు. లింగక్క దానికి తనకు కావలసిన అర్థం చెప్పుకుంది. అన్న చేతి చెంబులోంచి మూడు రోజులకు మొదటి గుక్క తాగింది, తాగుతూ వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు బయన్న మళ్లీ కడవ ఎత్తాడు. నెల తిరిగేసరికి లింగక్క కూడా లేచి ఇంకో కడవ ఎత్తుకుంది. కడవలు పగులుతున్నాయని బయన్న కొండ మీదనే ఒక పెద్ద బండను తొట్టిగా తొలిచాడు. అతను చెక్కినవాటిలో సంతకు పోనిది అదొక్కటే. "ఆ దారి అమ్మ" అని జనం ఆ తొట్టికి మొక్కసాగారు, పలకగా పలకగా ఆదారమ్మ అయింది. అన్నాచెల్లెళ్లు తల నెరిసేదాకా కలిసి నీళ్లు మోశారు గానీ, ఆ ముసలామె సంగతి మాత్రం తేల్చుకోలేదు. "కట్టెలమ్ముకునే ఆమె, దప్పికైంది, తాగింది, పోయింది" అనేవాడు బయన్న. "ఆమె ఎనక వస్తాండారన్న వాళ్లలో ఆయన ఉండాడు" అనేది లింగక్క. చివరికాలంలో ఆమెకు అన్న గురించి దిగులు పట్టుకుంది. "మొక్కు లేదు, పూజ లేదు, ఆ దారిలో నీ గతేం కావాలన్నా?" అని కన్నీళ్లు పెట్టుకుంది.

"పిచ్చిదానా, ఆ దారిలో నీళ్లు పెట్టినోణ్ణి నేనే గదా, నాకేం భయం?" అని నవ్వాడట బయన్న.

నేటికీ ఇక్కడ కడవ మోసేవాళ్లలో నమ్మినవాళ్లు ఉంటారు, నమ్మనివాళ్లు ఉంటారు. పోయిన తమవాళ్ల దప్పిక తీరాలని మోసేవాళ్లు కొందరు, ఎండలో వచ్చే మేకలకాపరుల కోసం మోసేవాళ్లు కొందరు. కడవకు ఆ తేడా తెలియదు. రోహిణి కార్తె అన్ని రోజులూ తొట్టి ఒక్క పూటైనా ఎండదు. ఇక్కడ నీళ్లు పోసినవారి ఇంట పోయినవారికీ, ఉన్నవారికీ గుక్కెడు నీళ్లకు కరువు రాదని పెద్దల మాట.

కొండ దిగి వచ్చి వట్టికడవ బోర్లించగానే, మండపంలో కూర్చున్న ముత్తైదువ చెంబు పట్టుకుని "తాగినారా?" అని అడుగుతుంది. "తాగినారు" అని చెప్పి చెంబు అందుకుని తాగాలి. ఎవరు తాగినారని అడిగే ఆచారం ఇక్కడ లేదు.