ముళ్లపంది పూయించిన ఎర్ర లిల్లీ

అనగనగా ఓ వెదురు అడవి ఉండేది పిల్లలూ. అందులో సూరమ్మ అనే ముళ్లపంది తన బొరియ ముందు ఒక్కనాటి లిల్లీలు పెంచేది. పొద్దున విచ్చి, సాయంత్రానికి ముడుచుకుపోయే పూలవి.

ఆమె దగ్గర రెండే రకాలు. పసుపుది ఏపుగా ఎదిగేది. ఎర్రది నేల మీదే కూలబడేది. "పొడుగు కాడ మీద ఎర్ర పువ్వు! అది నా చేత్తో పుట్టాలి" అని సూరమ్మ పట్టుపట్టింది.

తేనెటీగలు రాకముందే లేచేది. రాలిన తన ముల్లు ఒకటి తీసుకుని, దాని కొసకి ఎర్ర పువ్వు పుప్పొడి అద్దుకుని, పసుపు పువ్వు నడుమనున్న సన్నని కాడకి అంటించేది. ఆపైన ఈగ వాలకుండా ఆకుతో టోపీ పెట్టేది. కాయ ఎండాక గింజలు నాటేది.

"ఏం వదినా, పూటకే వాడిపోయే పువ్వుకి పెళ్లి కూడానా?" అని పక్కింటి కుందేలు చిట్టెమ్మ వేళాకోళం చేసేది.

"పెళ్లి చేసింది నేను. బిడ్డని చూశాక మాట్లాడు" అనేది సూరమ్మ.

ఏళ్లు గడిచాయి. మొదటి మొక్క బురద రంగు పూసింది. రెండో మొక్క పూస్తే రేకులు నలిగిన గుడ్డలా ఉన్నాయి. చిట్టెమ్మ పడీ పడీ నవ్వింది. మూడో మొక్క నిటారుగా కాడ వేసింది. తొలి ఏడు కదా, ఒక్కటే మొగ్గ. కొసన ఎరుపు తొంగి చూస్తోంది!

సరిగ్గా అప్పుడే అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి పూల పోటీ చాటించాడు. గెలిచినవాళ్లకి తేనెపట్టు. కానీ పోటీ ఎల్లుండి. మొగ్గ చూస్తే రేపే విచ్చేలా ఉంది.

కోతి కొండడు చెట్టు దిగి వచ్చాడు. "పిన్నీ, అరటి నారతో మొగ్గని బిగించి కట్టెయ్. ఎల్లుండి పోటీలో విప్పు. లేకపోతే నీ కష్టం ఎవరు చూస్తారు?"

సూరమ్మ మనసు ఊగింది. నార తీసుకుంది. మొగ్గకి ఒక చుట్టు చుట్టింది. లేత రేకు మీద అప్పుడే గీత పడింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇన్నేళ్లూ దీని కోసం నేను ఆగాను. ఇప్పుడు నా కోసం దీన్ని ఆపమంటావా?" అని నార విప్పి పారేసింది.

తెల్లారింది. పువ్వు విచ్చింది. పండు మిరపకాయ ఎరుపు, లోపల గొంతు దగ్గర పసుపు. సూరమ్మ గుమ్మం గుమ్మం పరుగెత్తింది. "నేను పుట్టించిన పువ్వు విచ్చింది, రండి! రేపటికి ఉండదు, ఇవాళే రండి!"

జింకలు వచ్చాయి. తాబేలు తాత వచ్చాడు. చిట్టెమ్మ పిల్లల్ని వెంటేసుకొచ్చి నోరు తెరిచి నిలబడింది. "అమ్మో వదినా, నీ బిడ్డ నీకన్నా పొడుగే!"

చివరికి ఎలుగుబంటి పెద్దా వచ్చాడు. చాలాసేపు చూశాడు. "అమ్మాయ్, ఇలాంటిది ఈ అడవిలో పూయలేదు. కానీ తేనెపట్టు రేపు పోటీకొచ్చిన పువ్వుకే ఇవ్వాలి. ఏం చెయ్యను?"

"రేపటి పువ్వుకే ఇవ్వు మావా. ఇవాళ్టి పువ్వు నాది" అంది సూరమ్మ.

ఎండ వాలేదాకా ఆమె మొక్క పక్క నుంచి కదల్లేదు. ఒంటి మీది ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. కుందేలు పిల్లలు భయపడి వెనక్కి జరిగితే చిట్టెమ్మ నవ్వింది.

"కోపం కాదర్రా, గర్వం! దగ్గరికెళ్లి చూడండి."

నీతి: ఓర్పుతో పెంచుకున్నదాన్ని బహుమతి కోసం నలిపెయ్యకండి, అది విచ్చిన రోజున తలెత్తుకుని నలుగురినీ పిలవండి.