బిందెడు మంచినీళ్ళు

గంగమ్మ పండుగ అయిన వారానికి సోమశేఖరం మూట కట్టుకున్నాడు. అతని గురువు నిశ్చలానంద స్వామి, కుటీరం అరుగు మీద కూర్చుని చూస్తున్నాడే గాని, ఎక్కడికని అడగలేదు.

"వెళ్ళిపోతున్నాను స్వామీ. ఈ పేటకు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు" అన్నాడు సోమశేఖరం.

అతని బాధలో అబద్ధం లేదు. సముద్రపు ఒడ్డున ఆ జాలరి పేటలో ఇళ్ళ మురుగూ, చేపలు కడిగిన నీళ్ళూ ఒకే కాలువలో పడి ఇసుకలో ఇంకేవి. ఆ పక్క ఇసుకలోనే ఆడవాళ్ళు చెలమలు తోడి తాగునీళ్ళు ముంచుకునేవారు. పిల్లలకు ఏడాది పొడుగునా విరేచనాలే.

సోమశేఖరం నడుం విరగ్గొట్టుకుని కాలువ చివర గుంటలు తవ్వాడు. గులకరాళ్ళు పోసి తుంగ నాటి, చివర ఉప్పునీరు ఎక్కకుండా గట్టు కట్టాడు. "సామిగారి శిష్యుడు మురుక్కి పక్కేస్తన్నాడు" అని పేటవాళ్ళు నవ్వినా పట్టించుకోలేదు. తుంగ వేళ్ళలోంచి వడపోసుకొచ్చిన నీరు చివరి గట్టు చేరేసరికి వాసన తగ్గేది. గట్టు దాటితే ఉప్పుటేరు. పొద్దున్నే ఆ తుంగను చూసుకుని మురిసిపోయి, రోడ్డు పక్క తోటలోని బావి నుంచి సైకిల్ మీద బిందెడు మంచినీళ్ళు తెచ్చేవాడు. గురువుగారూ, తనూ ఆ నీళ్ళే తాగేవారు.

గంగమ్మ ఘటం నడిచే దారిలో నిలవనీరు ఉండకూడదని పేటలో ఆచారం. అందుకని ఘటమెత్తే కాసులమ్మ, శిష్యుడు లేని పూట అతని పారతోనే గట్టు కోయించింది. అమావాస్య పోటు ఆ గండిలోంచి ఎదురెక్కి, గుంటల్లోని మురుగంతా తెచ్చి చెలమల మీద పరిచింది. ఉప్పు తగిలి తుంగ ఎర్రబడింది. పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరయింది.

ఆ నీళ్ళు తాగి కాసులమ్మ మనవరాలు పోయింది. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పిల్ల.

ఆ కాసులమ్మే ఇప్పుడు కుటీరం ముందుకు వచ్చి నిలబడింది. ఏడవడం లేదు.

"ఆ తుంగ బతుకుతాదా బాబూ?"

"వేళ్ళకి మంచినీళ్ళు పడితే బతుకుతుందేమో. ఎవరు పోస్తారు?" అన్నాడు సోమశేఖరం కటువుగా. "గట్టు కోసేటప్పుడు నన్నొక మాట అడిగావా?"

"అడగలేదు బాబూ. అమ్మోరికి దారి సుబ్బరం సేద్దామనుకున్నాను."

సోమశేఖరం గురువు వైపు తిరిగాడు. "మళ్ళీ కట్టినా వీళ్ళు మళ్ళీ కోస్తారు స్వామీ."

"కోస్తారేమో" అన్నాడు స్వామి.

మెల్లగా లేచి, ఆ పొద్దున తెచ్చిన నిండు బిందె చంకనెత్తుకున్నాడు. గుంట దాకా నడిచి, ఎర్రబడ్డ తుంగ మొదట్లో నీళ్ళన్నీ పోశాడు. అంత గుంటకి ఆ నీళ్ళు ఒక మూలకైనా చాలలేదు. వట్టి బిందె తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"చెలమలో ముంచుకురా."

"ఆ నీళ్ళా? స్వామీ, అవి తాగితే..."

కాసులమ్మ అతన్నే చూస్తోంది.

"కాచుకుని తాగుదాం. దాహంగా ఉంది నాయనా" అన్నాడు స్వామి.

సోమశేఖరం మూట దించి చెలమ దగ్గరికి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఆ పేటలో ఉండి ఒక్కసారీ అందులో బిందె ముంచలేదు. ఎలా ముంచాలో కూడా తెలియక నిలబడిపోయాడు.

కాసులమ్మ వెనకే వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. పైన కట్టిన తెట్టును అరచేత్తో పక్కకు తోసింది.

"అడుగు బురద కదపకుండా ముంచాల బాబూ. ఈ పక్కనించి."

అతను ఆమె చెప్పినట్టే ముంచాడు. బిందె నిండేదాకా ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"గట్టు కోసిన పార మీ ఇంట్లోనే ఉందా?" అని అడిగాడు.

"ఉంది బాబూ" అంది కాసులమ్మ. అప్పుడు ఏడ్చింది.