అధ్యక్షులవారు రాకముందే

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో ఏముందనుకున్నారు? ఒక బడి ఉంది! కొండ కింద ఒక గుహలో నడిచేది. అందులో చదువు చెప్పే పంతులమ్మ ఒక ముళ్ళపంది. పేరు వర్ధనమ్మ. కోపం వస్తే ఆమె ముళ్ళన్నీ నిక్కబొడుచుకునేవి. అందుకే ఆ బడిలో అల్లరి కాస్త తక్కువ.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. గడ్డి ఎండి కరకరలాడుతోంది. కిందటేడు పక్క కొండ మీద కార్చిచ్చు రేగితే ఎన్నో పిల్లజంతువులు ఎటు పోవాలో తెలియక మంటల్లో చిక్కుకుపోయాయి. "ఆ నిప్పు ఇక్కడికి వస్తే నా పిల్లలేమైపోతారు?" అని వర్ధనమ్మకు ఒకటే దిగులు. ఆ మంటల్లోంచి బతికి బయటపడ్డ ముసలి తాబేలు ఒకటి ఉందని ఆమె విన్నది. వెంటనే కబురు పంపింది.

"తాతా, మా బడికొచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలి."

"తప్పకుండా వస్తానమ్మా" అన్నాడు తాబేలు తాత.

ఇక మొదలైంది హడావిడి! ముందుగా నెమలి వచ్చింది. "పంతులమ్మా, స్వాగత నృత్యం నాదే. నేను ఆడకుండా సభ మొదలుపెట్టకూడదు" అంది. సరేనంది వర్ధనమ్మ. తరువాత కొండముచ్చు వచ్చింది. "దండలు గుచ్చుతాను. మోదుగాకులతో శాలువా కుడతాను. సన్మానం చేయకపోతే నలుగురిలో తలెత్తుకోగలమా?" అంది. దానికీ సరేనంది. చివరికి ఎలుగుబంటి భద్రయ్య వచ్చాడు. బడికి గుహ ఇచ్చింది ఆయనే.

"సభకు అధ్యక్షుణ్ణి నేను. నా ఉపన్యాసం అయ్యాకే అతిథి నోరు విప్పాలి. మన అడవి ఆనవాయితీ అది" అన్నాడు.

"అలాగేనండీ" అంది వర్ధనమ్మ. అందరి ముచ్చటా తీరుతుంది, పిల్లలకు కావలసిందీ దక్కుతుంది అనుకుంది పాపం. అక్కడే పొరబడింది.

సభ రోజు వచ్చింది. చల్లటి పొద్దుటే పిల్లలు ముఖాలు కడుక్కుని గుహ ముందు బుద్ధిగా వరసల్లో కూర్చున్నారు. తాబేలు తాత రాత్రంతా నడిచి వేళకు వచ్చేశాడు. నెమలి వచ్చింది, కొండముచ్చు వచ్చింది. భద్రయ్య మాత్రం రాలేదు. ఎందుకు రాలేదంటారా? ఎంత పెద్దవాళ్ళయితే అంత ఆలస్యంగా రావాలట ఆ అడవిలో! వేళకు వస్తే విలువ తగ్గిపోతుందట!

ఎండ ఎక్కింది. అడవిపంది పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. కుందేలు పిల్ల కునికిపాట్లు పడుతోంది.

"అమ్మా, ఎండ ముదిరితే నా గొంతు లేవదు" అన్నాడు తాబేలు తాత మెల్లగా.

"ఇక మొదలుపెడదాం" అంది వర్ధనమ్మ.

"అధ్యక్షులవారు రాకుండానా! నేను ఆడను" అంది నెమలి.

"ఆయనకు కోపమొస్తే గుహ ఖాళీ చేయమంటారు. బడే పోతుంది, ఆలోచించు పంతులమ్మా!" అంది కొండముచ్చు.

ఎన్నేళ్ళ కష్టం ఆ బడి! వర్ధనమ్మ పిల్లల వైపు చూసింది. ఎండుగడ్డి వైపు చూసింది. ముళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

"గుహ పోతే చెట్ల నీడన చెబుతాను. పిల్లలే పోతే ఎవరికి చెప్పను? తాతా, మీరు మొదలుపెట్టండి!"

తాబేలు తాత మెడ బయటికి చాచాడు.

"పిల్లలూ, నేను పరుగెత్తలేను. అందుకే ఆ రోజు నిప్పు ఎటు పరుగెడుతోందో చూశాను. అది కొండ పైకి మహా జోరుగా ఎక్కుతుంది. కాబట్టి మీరు పైకి పోవద్దు. పొగ ఎటు పోతోందో చూడండి, అటూ పోవద్దు. గడ్డి లేని చోటు వెతుక్కోండి. ఎండిన వాగులో ఇసుక ఉందే, అది మనకు అమ్మ ఒడి."

ఇంత చెప్పి ఊరుకోలేదు తాత. ఒక్కొక్కరి చేతా ఆ మాటలు తిరిగి చెప్పించుకున్నాడు. కుందేలు పిల్ల నిద్ర ఎప్పుడో ఎగిరిపోయింది.

మిట్టమధ్యాహ్నం భద్రయ్య పరివారంతో వచ్చాడు. జరిగింది విని మండిపడ్డాడు.

"నేను లేకుండా సభా? ఎండలు తగ్గగానే నా గుహ ఖాళీ చెయ్యి!"

"అలాగేనండీ. ఇప్పుడు మీ ఉపన్యాసం" అంది వర్ధనమ్మ తొణక్కుండా.

నెమలి ఆడింది. కొండముచ్చు దండ వేయబోతే తాబేలు తాత కంగారుపడి మెడ లోపలికి లాక్కున్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. భద్రయ్య ఉపన్యాసం సగంలో ఉండగానే అందరూ హాయిగా నిద్రపోయారు.

ఆ వారం తిరగకుండానే నిప్పు రానే వచ్చింది. అడవంతా చిటపటలు, పొగ. వర్ధనమ్మ నోరు తెరిచేలోపే పిల్లలు తలలెత్తి చూశారు.

"పొగ తూర్పుకు పోతోంది! వాగు పడమటే ఉంది! పదండి!"

అందరూ వాగు వైపు పరుగెత్తారు. అంతలో, కింద ఇప్పపూలు తింటున్న భద్రయ్య రొప్పుతూ ఎదురొచ్చాడు. పైన ఉన్న తన ఇంటికి కొండెక్కుతున్నాడు.

"భద్రయ్య తాతా, పైకి వద్దు! నిప్పు పైకే వస్తుంది!" అని పిల్లలంతా అరిచారు.

"మీరా నాకు చెప్పేది!" అన్నాడు భద్రయ్య. ఆ మాట అంటుండగానే పక్కనున్న గడ్డి భగ్గుమంది. మంట ఆయన్ని దాటి కొండ పైకి ఎగబాకింది. ఆయన గిరుక్కున తిరిగి పిల్లల వెనక పడ్డాడు.

సాయంత్రానికి మంటలు చల్లారాయి. వాగు ఇసుకలో వర్ధనమ్మ పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఒక్కరూ తగ్గలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. భద్రయ్యకు వీపు మీద బొచ్చు కాస్త కమిలింది, అంతే.

మర్నాడు పొద్దున బడి గంట కొట్టకముందే గుహలో ఎవరో కూర్చుని ఉన్నారు. ఎవరనుకున్నారు? భద్రయ్యే! పిల్లల మధ్య, నేల మీద.

"గుహ ఎప్పటికీ మీదే పంతులమ్మా" అన్నాడు తల వంచుకుని. తరువాత పక్కనున్న కుందేలు పిల్ల వైపు తిరిగాడు. "అమ్మాయీ, ఆ రోజు తాబేలు తాత చెప్పిందంతా మొదటి నుంచి చెప్పు. నేను వింటాను."

నీతి: అతిథికి మనం చేయగల గొప్ప మర్యాద, వేళకు వచ్చి ఆయన చెప్పేది శ్రద్ధగా వినడమే. దండలు, ఉపన్యాసాలు ఆ తరువాతే.